గంగమ్మ ఫౌంటెను దగ్గర తడిబట్టలాయన

మన సెంటర్లో గంగమ్మ ఫౌంటెను ఉంది చూశారూ, కడవ వంచి నిలబడిన రాతి అమ్మవారు, మునిమాపు వేళ అటు ఎవరూ పోరు. నేనూ పోను. మీ అమ్మమ్మ దగ్గర ధైర్యవంతుణ్ణని కోతలు కోస్తాను గానీ, పాలప్యాకెట్టుకి కూడా చుట్టూ తిరిగి చేపల బజారు మీదుగా వెళ్ళొస్తాను.

ఆ విగ్రహాన్ని చెక్కింది కనకాచారి అని మా తాతలనాటి శిల్పి. ఒళ్ళంతా చెక్కి కళ్ళు మాత్రం ఆపాడు. ఎందుకంటారా, కళ్ళు తెరిచేదాకా అది రాయే, తెరిచాకే అమ్మ, ఆ తెరవడం చెక్కినవాడి హక్కు. ఏట్లో మునిగి తడిబట్టలతో వచ్చి బంగారు ఉలితో తెరవాలి, అప్పుడు ఎదురుగా అద్దం పట్టాలి, ఎందుకంటే అమ్మ తొలిచూపు మనిషి ఓర్చుకోలేడు, అది అమ్మ మీదే పడాలి. సరే, ప్రారంభోత్సవం నాడు కనకాచారి ఉలీ అద్దమూ బావమరిది శరభయ్య చేతిలో పెట్టి, చూస్తుండరా, మునిగొస్తానని ఏటికి వెళ్ళాడు. వాణ్ణి పెంచి పని నేర్పింది ఆయనే మరి, ఇంకెవరిని నమ్ముతాడు?

ఈలోగా ప్రారంభించాల్సిన తెల్లదొరగారు వేళకన్నా ముందే దిగబడ్డాడు, ఎండకి చిరాకుపడ్డాడు, మునిసిపల్ ఛైర్మనుగారేమో శరభయ్య చెవిలో, నువ్వే కానిచ్చేయ్, రాతిమీద నీ పేరు వేయిస్తానన్నాడట. ఇంకేం, ఆ ఊపులో అద్దం సంగతి మరిచిపోయి, ఎదురుగా నిలబడి రెండు కళ్ళూ తెరిచేశాడు. బ్యాండుమేళం మోగుతుంటే కనకాచారి నీళ్ళోడుతూ వచ్చాడు.

"కళ్ళెవరు తెరిస్తే ఏంలే బావా, చూపు అమ్మదేగా," అన్నాడు శరభయ్య.

"అమ్మదే. అద్దం ఎవరు పట్టార్రా?" అన్నాడాయన.

అంతే. ఆ తడిబట్టలతోనే వెనుదిరిగి ఏటివైపు వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. శరభయ్యకు ఆ సాయంత్రానికే చూపు పోయింది. రాతిమీద చెక్కిన తన పేరు వేళ్ళతో తడుముకుంటూ ఆ ఫౌంటెను గట్టుమీదే బతుకు వెళ్ళదీశాడు.

అప్పట్నుంచీ నడివేసవిలోనూ ఆ తొట్టి చుట్టూ తడి అడుగులు. నాకోసారి కనకాచారి ఎదురయ్యాడు కూడా, పంచె నీళ్ళోడుతోంది, బాబూ, కాస్త అద్దం పడతావా అని మర్యాదగానే అడిగాడు. నేను అంతకన్నా మర్యాదగా పరిగెత్తాను, ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది. రెండోది ఇంకా దాచాను, ఎందుకో నాకే తెలీదు.

చెప్పొచ్చేదేమంటే, అమ్మవారికి వీపు పెట్టి ఫోనులో మొహం చూసుకుంటూ ఫొటోలు దిగే పిల్లలున్నారు మీలో. అది కూడా అద్దమే అనుకుంటాడు పాపం, ఇన్నాళ్ళకి ఎవరో తెచ్చారని మళ్ళీ అమ్మ కళ్ళు తెరవడానికి పూనుకుంటాడు. అప్పుడు ఆ చూపుకీ అద్దానికీ మధ్యలో ఉండేది మీరు. ఆపైన మీ ఇష్టం. నేనైతే చేపల బజారు మీదుగానే పోతాను, వాసనొక్కటే ఇబ్బంది.