జర్మనోడికి ఇస్తరి

కాసులమ్మనీసి మా ఈదిలోనే ఉన్నాది, పండు ముసిల్ది. ఆవిడ అయ్య పోలయ్య ఓడల్లో బొగ్గేసే పనికెళ్ళి దేశాలన్నీ తిరిగొచ్చినాడంట. ఒచ్చినప్పుడొక బిళ్ళ తెచ్చినాడు. ఇత్తడి బిళ్ళ, మీద ఇనప టోపీ, సుట్టూ ఆకులు, ఆకుల కింద సర్చి గోపురం, ఎనక సొక్కాకి గుచ్చుకునే సూది. ఏటిరా ఇది అంటే, మొదటి పెద్ద యుద్ధంలో ఒక జర్మనోడు మా ఓడెక్కొచ్చినాడు, నేను బొగ్గు పారతో ఒక్కటిచ్చినాను, ఆడు సముద్రంలో పడిపోనాడు, ఆడి బిళ్ళ నా సేతిలో ఉండిపోనాది అన్నాడంట. కల్లు పాకలో సెప్పిన కబురు అనుకో. యుద్ధం ఎప్పుడయిందో, ఈడెప్పుడొచ్చినాడో ఎవుడు లెక్కేసినాడు? మగోళ్ళు శభాష్ అన్నారు. పెళ్ళాం మాత్రం బెదిరిపోనాది. సముద్రంలో సచ్చినోడు ఊరకే పోడు, మన గుమ్మంలోకే ఒస్తాడు అనీసి ఆ బిళ్ళని దేవుడి మూల సెక్కకి గుచ్చీసి, ఏటా పెద్దల అమాసకి ఇంటి పెద్దలకి పెట్టినాక ఆడికీ ఒక ఇస్తరేసేదంట.

తల్లి పోయాక ఆ ఇస్తరి కూతురి మీద పడింది. ఇంట్లో ఎవుడికి జొరమొచ్చినా జర్మనోడే, వల సిరిగినా జర్మనోడే, మనవడు తాగొచ్చినా జర్మనోడే. "అప్పా, ఆ కల్లు కూడా జర్మనోడే పోయించినాడేటే?" అని ఓపాలి అడిగీసినాను. నాలుగు పెట్టింది నాకు. నవ్వకు మరి, ఆవిడికది నవ్వులాట కాదు. మా అయ్య సేతికి మనిషి నెత్తురంటింది, ఆ పాపం తీరకుండా నేను కన్నుమూస్తే ఎలాగ అని కూకుని ఏడ్సేది.

ఇంతలో ఏటయిందంటే, ఇశాపట్నం నించి గౌరీపతిగోరని ఒకాయన ఒచ్చినాడు. పిల్లలు గవ్వలేరుకున్నట్టు ఆయన పాత సిపాయిల బిళ్ళలు ఏరుకుంటాడు. జర్మనీ బిళ్ళయితే కూడు కూడా మర్సిపోతాడంట. కాసులమ్మ మనవడి ఆటో ఎక్కి, మాటల్లో ఈ బిళ్ళ సంగతి తెలిసి, తిన్నగా ఇంటిముందే దిగినాడు. ఈదంతా అక్కడే, నేనూ అక్కడే. "మామ్మగారూ, ఒక్కసారి చూడనిస్తారా" అన్నాడు. సెక్క మీంచి తీసి సేతిలో పెట్టింది. ఆయన సూసి నెత్తి కొట్టుకున్నాడు. ఎందుకంటావా, ఏటా సింతపండూ బూడిదా ఏసి తోమీసిందా, అక్షరాలన్నీ అరిగిపోనాయి! "అయ్యయ్యో, ఇలాంటివి తోమకూడదమ్మా" అన్నాడాయన. "తోమకండా దేవుడి దగ్గరెలాగెడతాను బాబూ" అందావిడ.

ఆయన ఒదల్లేదు. ఎంట తెచ్చుకున్న పెట్టె తెరిసినాడు. పెట్టెనిండా బిళ్ళలే, గుడ్డ మీద వరసల్లో గుచ్చి. మన కంటికన్నీ ఒక్కలాగే ఉంటాయి అనుకో. ఆయన సూది సూత్తాడు, అంచు సూత్తాడు, టోపీ ఎటు తిరిగిందో సూత్తాడు, ఒకటి పక్కనెట్టి కాదంటాడు, ఇంకోటి పక్కనెట్టి కాదంటాడు. కాసులమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోనాది. ఆఖరికి ఒకటెట్టి "ఇదే" అన్నాడు. అదే టోపీ, అవే ఆకులు, ఆకుల కింద అదే సర్చి గోపురం. ఆయన దాని మీద మాత్రం అంకెలున్నాయి, పందొమ్మిదొందల ఇరవై ఏడని. "మామ్మగారూ, ఇది యుద్ధంలోది కాదు. యుద్ధం అయిపోయి ఇళ్ళకి చేరిన సిపాయిలు సంఘాలు పెట్టుకున్నారు. అప్పుడప్పుడు ఓ ఊళ్ళో కలుసుకుని, ఊరేగింపు చేసి, కలిసి భోంచేసేవారు. ఆ రోజు పెట్టుకున్న బిళ్ళ ఇది. యుద్ధమైన తొమ్మిదేళ్ళకి చేసింది." "మరి మా అయ్యకెలాగొచ్చింది?" "ఏ రేవులోనో ఎవరో ఇచ్చుంటారు, లేదా కొనుక్కుని ఉంటారు. అది నాకు తెలీదు." "అయితే మా అయ్య సంపనేదా బాబూ?" "ఈ బిళ్ళ పెట్టుకున్న మనిషిని యుద్ధంలో ఎవరూ చంపలేదమ్మా. ఇంటికెళ్ళాడు, స్నేహితుల్తో పండగ చేసుకున్నాడు."

కాసులమ్మ గొల్లుమంది. ఏడుపో నవ్వో తెలీదు. "ఓరి నా అయ్యా, కల్లు పాకలో గొప్పలకి ఇంత అబద్ధమాడతావా! మాయమ్మ బెంగతోనే పోనాది, నా బతుకంతా బయంతోనే పోనాది" అని సచ్చిన అయ్యని నోరారా తిట్టింది. తిడతన్నంత సేపూ మొకం ఎలిగిపోతా ఉంది. ఈదిలో ఆడోళ్ళంతా కళ్ళు తుడుసుకున్నారు. నేనూ తుడుసుకున్నాను, సిగ్గేటి.

మరి పెద్దల అమాసొచ్చింది. ఇంక జర్మనోడి ఇస్తరి ఉండదనుకున్నాం. ఏసీసింది! "ఇదేటప్పా, మీ అయ్య సేతిలో సావనేదు కదా ఆడు?" అన్నాను. "అప్పుడు సావనేదు గానీ ఈపాటికి సచ్చే ఉంటాడు కదరా. ఇన్నేళ్ళు మాయింట తిన్నోడు. ఇప్పుడు మానేత్తే ఆకలేసి ఎక్కడికెల్తాడు?" అంది. ఒకప్పుడా ఇస్తరి దగ్గరికి కాకి తప్ప ఎవుడూ ఎల్లేవోడు కాదు. ఇప్పుడు ఈదంతా పోయి బంతిలో కూకుంటాం. నేనైతే ముందే కూకుంటాను. కానీ ఒక్క మాట సెప్పాల. ఆవిడ వడ్డించేటప్పుడు పెద్ద కోనం సేప ముక్క జర్మనోడికే ఏత్తాది, పోయిన సొంత మొగుడికి తోక ముక్క. అయ్య పోలయ్యకా? ఆడికి ముక్క నేదు, ఉత్త పులుసే.