మంచు మీద కసాయి పని

ఆ సంకెళ్ళు కాస్త వదులు చెయ్యండమ్మా! ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్న వేళ్ళివి. ఏం, పారిపోతానా? డెబ్భై దాటినవాణ్ణి!

అవును, కొట్టాను. బీరు మగ్గుతో కాదు, ఆ చెప్పినవాడెవడో అబద్ధాలకోరు. పిడికిలితోనే. దవడ విరిగిన చప్పుడు నాకేమన్నా కొత్తా?

ఆ జెరెమీ మీకూ తెలుసుగా? మన ఊరివాడే, ఇప్పుడు పెద్ద లీగ్‌లో ఐస్ హాకీ ఆడుతున్నాడు. సెలవులకొచ్చి బారులో మా బల్ల దగ్గరే కూలబడ్డాడు. "పెద్దాయనా, మీ కాలంలో ఆట ఎక్కడిది? మంచు మీద కసాయి పని! మా జట్టులో చవటన్నర చవట కూడా మిమ్మల్ని బొంగరంలా తిప్పేస్తాడు" అన్నాడు.

నేనేమన్నానో తెలుసా? "నిజమేరా" అన్నాను. నిజమే కదమ్మా! వాళ్ళ కాళ్ళలో ఉన్న వేగం మాకేదీ? వేసవంతా గనిలో రాళ్ళు పగలగొట్టి, చలికాలం మంచెక్కేవాళ్ళం.

ఊరుకున్నాడా? గోడ మీది పాత జట్టు ఫొటోలో మా ఫెర్నాన్‌ని చూపించి, "ఈ ఎద్దుకి స్కేటింగ్ అయినా వచ్చా?" అన్నాడు. ఆ మనిషి తన ఎదురుగానే కూర్చుని, నేను ముక్కలు కోసి పెట్టిన మాంసం తింటున్నాడని వాడికేం తెలుసు?

ఎద్దా? ఫెర్నాన్ స్కేట్లు కట్టుకుంటే మంచు చప్పుడు చేసేది కాదు. రబ్బరు బిళ్ళ వాడి కర్రకి అతుక్కుపోయేది. ఇవాళ పుట్టుంటే ఈ జెరెమీ వాడి సంచి మోసేవాడు!

కానీ మా కోచ్ చూసిందేమిటీ? వాడి భుజాలు. "గోల్స్ వేరేవాళ్ళు కొడతారు, నువ్వు మనుషుల్ని కొట్టు" అన్నాడు. కొట్టాడు. తిన్నాడు. మంచు మీద నెత్తురు గడ్డకడితే పారతో గీకేసి ఆట సాగించేవాళ్ళు. జనం ఇంకా, ఇంకా అని అరిచేవాళ్ళు. చివరికి ఒకడు, హెల్మెట్ కూడా లేని ఆ తలని పట్టుకుని మంచుకేసి బాదాడు. బాదుతూనే ఉన్నాడు. అప్పట్నుంచీ ఇదిగో, ఒక్కోరోజు సొంత పేరు కూడా...

జెరెమీ మాటకి అందరూ నవ్వారు. వాళ్ళని చూసి ఫెర్నాన్ కూడా నవ్వాడమ్మా! ఫొటోలో ఉన్నదెవరో తెలీక, నోట్లో మాంసంతో, పకపకా నవ్వాడు.

అప్పుడు లేచింది నా చెయ్యి. మొదటి దెబ్బకే జెరెమీ పడ్డాడు. రెండోది అక్కర్లేదు. అయినా కొట్టాను. ఆ తర్వాత మీరొచ్చి లాగేదాకా కొట్టాను.

మీరు నన్ను బయటికి తెస్తుంటే ఫెర్నాన్ నన్ను పేరు పెట్టి అడిగాడు, విన్నారా? "ఓవీలా, ఎవడ్రా గెలిచింది?" అని.

"మనమేరా" అన్నాను.

ఇంకేం చెప్పమంటారు? పదండి.