రమణ చనిపోవాలి

సింగపూర్, బుకిట్ బటోక్‌లో పదకొండో అంతస్తు ఫ్లాట్. శనివారం పొద్దున. ఇంటావిడ సత్యవాణి రచయిత్రి అయి నేటికి ఆరు రోజులు. బర్మా నుంచి వచ్చి ఆ ఇంట్లో పనిచేస్తున్న తెలుగు మనిషి బంగారమ్మ, ఆవిడ సన్మానం పులిహోర కోసం చింతపండు పిసుకుతోంది.

"ఎనిమిది వందల నలభై లైకులు బంగారమ్మా. కాఫీ తాగేటప్పుడు ఎనిమిది వందలే. ఇన్నాళ్ళూ ఈ ఫేస్‌బుక్ పేజీలో వంటల ఫొటోలు పెట్టాను కదా, నా ఉప్మాకి ఎప్పుడైనా ముప్ఫై దాటాయా?"

"అమ్మా, నాను నిన్న అడిగింది..."

"విను, విను. తారాదేవి ఆంటీ ఏం రాశారో చూడు. 'సత్యా, నీ కథ చదివి మా ఆయనా నేనూ అన్నం తినలేదు.' ఆ ఇంట్లో ఒక పూట తిండి మానేశారంటే మాటలు కాదు. ఏంటి, ఏడుస్తున్నావా?"

"నేదమ్మా. మిరపకాయ సేత్తో కన్ను నలుపుకున్నాను."

"కడుక్కో మరి. రేపు అరవై మంది. ఆంగ్ మో కియోలో హాలు తీసుకున్నారు, శాలువా కూడా కొన్నారట. నీ ఆదివారం సెలవు వచ్చే వారం సర్దుతాలే."

"సెలవొద్దమ్మా. కథ ఆకర్న కొంచిం మార్సండి, సాలు."

"మళ్ళీ మొదలెట్టావా?"

"మా సిన్నోడు రమణని బతికించండమ్మా."

"నీ రమణ బతికే ఉన్నాడు కదా. నది దాటి థాయిలాండ్ వెళ్ళి, బట్టల కంపెనీలో బొత్తాలు కుట్టుకుంటున్నాడు. మొన్న నాక్కూడా నమస్తే చెప్పాడు వీడియోలో. నేను చంపింది కథలో రమణని."

"ఇద్దరి పేరూ ఒకటే కదమ్మా. ఊరూ అదే. నా పేరూ అదే. పెద్దోడి పేరూ అదే, సన్యాసిరావు."

"పేర్లు మారిస్తే ఫీల్ పోతుంది. అనిత అనీ కిరణ్ అనీ పెడితే అది సీరియల్ అవుతుంది, సాహిత్యం అవదు. అయినా నీకెందుకు భయం? బర్మాలో కూర్చుని తెలుగు కథ ఎవడు చదువుతాడు చెప్పు."

"మీరు రాసినప్పుడు ఇలాగ సంపుతారని సెప్పనేదమ్మా. నానేదో మనసు బరువు దిగతాదని అన్నీ సెప్పుకున్నాను."

"దిగిందా లేదా?"

"ఆ రోజు దిగింది."

"మరి. సరే, నువ్వు చెప్పింది చెప్పినట్టు రాస్తే ఎలా ఉండేదో విను. సైన్యానికి మనుషుల్ని పట్టుకుపోతుంటే చిన్నవాడు అడవిలోకి పారిపోయాడు. పోయిన నెల లారీ ట్యూబు మీద నది దాటాడు. అవతల ఒడ్డున ఎవరో టీ ఇచ్చారు. ఉద్యోగం దొరికింది. దీంట్లో కథేముంది?"

"బతికినాడమ్మా."

"అదే నేననేది. బతికినవాడి గురించి ఎవరు ఏడుస్తారు?"

"నానేడ్సినాను. మూడు రోజులు ఏడ్సినాను, బతికినాడని తెలిసినాక."

"నువ్వు తల్లివి, నీ లెక్క వేరు. నేను బెడోక్ నుంచి ట్రైన్‌లో వచ్చి కూర్చున్న మనిషిని ఏడిపించాలి. ఆవిడకి టీ ఇచ్చారూ, ఉద్యోగం దొరికిందీ అంటే, 'మా వాడికీ ఉంటే చూడండి' అంటుంది."

"మరి పెద్దోడి సేత కాల్పించినారేటమ్మా?"

"అదే కథకి ప్రాణం. అన్నని సైన్యం లాక్కుపోయింది, తమ్ముడు అడవిలో. ఒకే తల్లి పాలు తాగిన పిల్లలు. చీకట్లో నది మీద ఏదో కదిలింది, కాల్చమన్నారు, అన్న కాల్చాడు. తెల్లారి చూస్తే ట్యూబుకి అమ్మ కట్టిన ఎర్రతాడు. రాస్తుంటే నాకే ఒళ్ళు జలదరించింది, ఏసీ తగ్గించుకున్నాను."

"ఎర్రతాడు నాను కట్టనేదు."

"కట్టి ఉంటే బాగుండేది కదా."

"కానీ సన్యాసిని ఆ రేవు కాడే కాపలా ఏసినారు. అది నిజిమే."

"నువ్వు చెప్పబట్టే కదా నాకా ఊహ వచ్చింది. లేకపోతే నాకేం తెలుసు రేవులూ కాపలాలూ? నా బతుక్కి ట్యాంపనీస్ ఎలా వెళ్ళాలో ఇప్పటికీ ఫోన్ చూసుకోవాలి."

"అందికే, అమ్మా, అందికే అడుగుతున్నాను. రెండో బాగం అని ఒకటి రాయండి. గుండు తగల్నేదు, గుంటడు మునిగి తేలినాడు, ఒడ్డెక్కినాడు. నాలుగు ముక్కలు. ఈ రోజే."

"ఈ రోజా? రేపు సన్మానం పెట్టుకుని? రేపు నిఖిల స్టేజి మీద చివరి పేరా చదవాలి. 'రమణ పెద్దకర్మకి అన్న వస్తాడని ఆ తల్లి ఇంకా తలుపు వైపే చూస్తోంది.' అక్కడ హాలంతా కళ్ళు తుడుచుకోవాలి. నువ్వేమో వాణ్ణి ఇవాళే ఒడ్డెక్కిస్తానంటావు. తడిబట్టలతో వచ్చి వాడే శాలువా అందుకుంటాడా?"

"నాను తలుపేపు సూడ్డం నేదమ్మా. నాను స్టవ్వేపు సూస్తున్నాను."

"నీతో ఇదే చిక్కు. ఇంత కష్టం పెట్టుకుని ఒక్క మంచి మాట చెప్పవు. నిఖిలా, ఆ చివరి పేరా ప్రాక్టీస్ చేశావా?"

"చేశాను మమ్మీ. సో శాడ్. కానీ పెద్దకర్మ అంటే ఏంటి? నిన్న ఒకడు కూడా అదే మాట కామెంట్‌లో పెట్టాడు."

"ఎవరు?"

"డోంట్ నో లా. పేరు లేదు. ప్రొఫైల్ పిక్ తామరపువ్వు. 'రమణ పెద్దకర్మ ఏ రోజు, అయిపోకపోతే నాను వస్తాను' అని. స్పెల్లింగ్ అంతా రాంగ్. క్రీపీగా ఉందని డిలీట్ చేసి బ్లాక్ చేశా."

"అయ్యో, ఎందుకే బ్లాక్ చేశావు? కథలో మనిషి కర్మకి వస్తానన్నాడంటే ఎంత లీనమై చదివాడో. స్క్రీన్‌షాట్ తీసుంటే రేపు స్టేజి మీద చెప్పేదాన్ని. విన్నావా బంగారమ్మా?"

"విన్నాను."

"వింటే మరి అలా నిలబడిపోయావేంటి? చింతపండు నీళ్ళు కారిపోతున్నాయి, చెయ్యి అడ్డం పెట్టు."

"నిన్నే సూసినానమ్మా అది. నా ఫోన్లో. మళ్ళీ సూద్దునా, నేదు."

"నువ్వు కామెంట్లు కూడా చదువుతావా?"

"పాపా, ఆ తాళం తీసీడానికి అవుతాదా? ఆ పువ్వు మడిసికి ఏసింది."

"అన్‌బ్లాకా? క్యాన్. బట్ వై, ఆంటీ?"

"ఉండవే. బంగారమ్మా, ఆ మనిషి నీకు తెలుసా?"

"ఆ తామరపువ్వు మా రామమందిరం గోడ మీద బొమ్మమ్మా. ఆ గోడ కిందే మా పిల్లలకి బడి. మేస్టారు తెలుగు అచ్చరాలు దిద్దించీవోరు. రమణకి రానేదు, గోడ దూకి పారిపోయీవోడు. పెద్దోడు దిద్దినాడు."

"పెద్దోడంటే..."

"సన్యాసి."

"సైన్యంలో ఉన్న సన్యాసా? వాడు నా కథెందుకు చదువుతాడు? నా పేజీ వాడికెలా తెలుసు?"

"నానే సెప్పినానమ్మా, ఎప్పుడో. అమ్మగారు వంటల బొమ్మలు పెడతారు, కలిపీ సేతులు నాయే, సూసుకోరా అని. వాడి దగ్గిర ఫోన్ నేదు, లాగేసుకున్నారు. టీ దుకాణం కాడ ఎవుళి ఫోన్లోనో అప్పుడప్పుడు సూస్తాడు. మీ ముప్పై లైకుల్లో వాడిదొకటి."

"నువ్వు నాకీ మాట చెప్పలేదు."

"సెప్తే మీరు బొమ్మల్లో సేతులు కత్తిరించి పెడతారని సెప్పనేదు."

"సరే, చదివాడు. కథని కథగా తీసుకోవాలి కదా ఎవరైనా. తమ్ముడు బతికున్నాడని వాడికి తెలీదా?"

"ఎలా తెలుస్తాదమ్మా? తమ్ముడు దాటినాడని ఎవుళైనా కబురెడితే ముందర వాణ్ణే కట్టీసి కొడతారు. అందికే నానూ నోరెత్తనేదు. వాడికి తెలిసిందల్లా ఒకటే. పోయిన నెల ఒక రాత్రి ఆ రేవులో ట్యూబు మీదికి కాల్సమన్నారు. కాల్సినాడు. ఎవుళి ఫోన్లోనో ఒక్కపాలి నాకు సెప్పినాడు."

"నిజంగానా?"

"నిజింగానే. ఎవుళికి తగిలిందో, అసలు తగిలిందో నేదో వాడికి తెలీదు. రమణే సెప్పినాడు నాకు, నా పక్కనించి గుండు పోయిందమ్మా అని. మీకు ఆ ముక్క సెప్పనేదు. మీరే రాసేసినారు."

"నేను... ఎర్రతాడు ఊరికే రాశాను బంగారమ్మా. నాకు తోచింది రాశాను."

"మీకు తోసింది వాడికి జరిగింది."

"ఇప్పుడు కర్మకి వస్తానంటున్నాడు. సెలవిస్తారా?"

"ఇవ్వరమ్మా."

"సెలవు లేకుండా బయల్దేరితే?"

"మీ కథలో రమణకి ఏటయిందో అదే."

"నిఖిలా, అన్‌బ్లాక్ చెయ్యి."

"చేస్తున్నా మమ్మీ, ఎందుకు నువ్వు..."

"చెయ్యి ముందు."

"ఓకే, ఓకే. డన్."

"చూశావా, అయిపోయింది. బంగారమ్మా, కూర్చో. ఇదిగో నా ఫోన్. కథ కిందే రాయి, తమ్ముడు బతికే ఉన్నాడు, నువ్వు ఎక్కడికీ కదలొద్దు అని. పేర్లు లేకుండా రాయి, వాడికి అర్థమవుతుంది. రేపటి సంగతి తర్వాత చూద్దాం, తారాదేవి ఆంటీకి నేను చెప్పుకుంటాను. చేతికి పులుపుంటే ఉండనీ, రాయి. ఏంటి, ఎందుకలా చూస్తావు? కన్నతల్లివి, నువ్వు రాస్తే నమ్మడా?"

"నమ్మడమ్మా. నన్ను ఆపడానికి మా యమ్మ కథలు సెప్తందనుకుంటాడు. మీరు రాయండి, నిజిమనుకుంటాడు."