కొండ చేత గడ్డం ఎత్తించినవాడు

స్టూడియో బాబాయ్ టీకొట్టు బల్లెక్కాడంటే చుట్టుపక్కల పనులన్నీ కాసేపు ఆగినట్టే. అందరికీ పాస్‌పోర్టు సైజు ఫోటోలు తీసి తీసి జుట్టు నెరిసినవాడు, మొన్న తోడల్లుడితో కలిసి బస్సు టూరులో ఉత్తరాన మంచుకొండల దాకా వెళ్ళొచ్చాడు. మెళ్ళో కెమెరా ఇంకా దిగలేదు. ఇవాళ ఎదురుగా లైబ్రరీ సెక్రటరీగారు కూర్చున్నారు. బాబాయ్ ఆశంతా ఒకటే. తను తీసిన ఫోటోలు ఒక్కసారైనా లైబ్రరీ హాల్లో నిలువెత్తున వేలాడాలి, జనం తలెత్తి చూడాలి. అందుకు ఈయన ఊ అనాలి.

"పెద్ద గొప్పేం కాదండీ," అంటూ మొదలెట్టాడు. "తెల్లారగట్ల ఓ సరస్సు ఫోటో తీద్దామని వెళ్ళాను. కాస్త చలి. ఎంత చలంటారా, ఫ్లాస్కులోంచి టీ వంచితే గ్లాసు దాకా వచ్చి కర్రలా నిలబడిపోయింది. ఏం చేస్తాం, విరుచుకుని నమిలాను."

"పంచదార సరిపోయిందా బాబాయ్?" అంది టీకొట్టు అక్క.

"నీ టీ కంటే నయమేలే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? జలపాతం. ఒకటే దూకుడు, ఫోటోకి కుదురుగా ఉండదే! నాకు ఒళ్ళు మండి, 'కదలకండి' అని ఒక్క కేక పెట్టాను. అంతే, గడ్డకట్టుకుపోయింది. ఫోటో అయ్యాక 'ఇక లేవచ్చు' అన్నా వినదే, పాపం, ఇప్పటికీ అలాగే ఉండుంటుంది."

సెక్రటరీగారు మీసం చాటున నవ్వుకున్నారు. బాబాయ్‌కి అది మెప్పులా కనపడింది. ఇంకేముంది, మాటలు కోటలు దాటాయి.

"సాయంత్రం ఓ కొండ దగ్గరికెళ్ళానండీ, ఎప్పుడూ మబ్బులో మొహం దాచుకునే రకం. 'గడ్డం కొంచెం పైకి' అన్నాను. ఎత్తింది! ఆ ఎత్తడంలో గడ్డం అడ్డుపడి అవతలివైపు సూర్యుడు ఇంకో గంట అస్తమించలేకపోయాడు. ఇంతలో వెనక గుర్రుమని చప్పుడు. చూద్దును కదా, తెల్ల ఎలుగుబంటి!"

"అయ్యో! పరిగెత్తారా?" అన్నాడు బల్ల చివర కూర్చున్న కుర్రాడొకడు.

"ఎందుకూ? జేబులోంచి దువ్వెన తీసిచ్చాను. బుద్ధిగా తల దువ్వుకుని రాయిమీద కూర్చుంది. నాలుగు కాపీలు చాలట!"

"ఉత్తరానికి వెళ్ళి ఉత్తరకుమారుడై వచ్చావు బాబాయ్," అంది అక్క.

కొట్టంతా ఘొల్లుమంది. సెక్రటరీగారు మాత్రం గ్లాసు కింద పెట్టి, "కబుర్లకేం గానీ, ఆ కొండ ఫోటో చూపించవయ్యా. బాగుంటే హాలు గోడలన్నీ నీవే," అన్నారు.

బాబాయ్ మెళ్ళో కెమెరా సర్దుకున్నాడు. "ఇంకా... ప్రింటు వెయ్యలేదండీ."

"అదేంటన్నయ్యా," అన్నాడు అప్పటిదాకా మూలన బిస్కెట్టు ముంచుకు తింటున్న తోడల్లుడు. "బస్సువాళ్ళకి పంచమని పొద్దున్నేగా ఇచ్చావు!" అంటూ సంచిలోంచి కవరు తీసి బల్లమీద కుమ్మరించాడు.

అన్నీ మొహాలు! అంచులు చక్కగా కత్తిరించిన పాస్‌పోర్టు సైజు మొహాలు. డ్రైవరు, గైడు, ముందు సీటు ముసలమ్మ, చంకలో పిల్లాడు ఫోటో అంచు బయటే ఉండిపోయిన తల్లి. రెండు చెవులూ సమానంగా, పళ్ళు కనపడకుండా.

"మరి కొండలేవయ్యా?"

"వెనక తెల్లగా ఉంది చూడండి," అన్నాడు బాబాయ్ నీళ్ళు నములుతూ. "అదేనండీ కొండ."

"మొదట ఒకావిడ జ్ఞాపకానికి తియ్యమందండీ," తోడల్లుడు అమాయకంగా అందుకున్నాడు. "మంచు చూడగానే అన్నయ్యకి ప్రాణం లేచొచ్చింది. ఇంత తెల్లటి పరదా జన్మలో దొరకదంటూ కూర్చోబెట్టేశాడు. ఇక బస్సంతా వరస కట్టింది. కొండవైపు కెమెరా తిప్పితే ఒట్టు!"

బాబాయ్‌కి తల తీసేసినట్టయింది. ఎన్నాళ్ళనుంచో మనసులో ఫోటోలు తగిలించుకున్న హాలు గోడలన్నీ ఒక్కసారి ఖాళీ అయిపోయాయి. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్న సెక్రటరీగారు, "హాలుకి పనికిరావు గానీ, నువ్వు చెప్పాక నాకే ఆ కొండలు చూడాలనుంది. బస్సు టూరు ఫారానికి పాస్‌పోర్టు సైజుది నాదొకటి తీస్తావా?" అన్నారు.

ఉడుక్కుని లేచిపోదామనే అనుకున్నాడు బాబాయ్. చెయ్యి మాత్రం తనంతట తనే దువ్వెన తీసిచ్చింది. కొట్టు పక్కన సున్నం వేసిన గోడ తెల్లగా కనిపిస్తోంది.

"ఇలా ఆనుకోండి. గడ్డం కొంచెం పైకి."

అక్క పమిట నోటికడ్డం పెట్టుకుంది. సెక్రటరీగారి భుజాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. బాబాయ్ కెమెరా దించి, కొట్టంతా ఒకసారి కలియజూశాడు.

"నవ్వకండి," అన్నాడు.