ఓవెన్‌లోకి దిగిన మావయ్య

ఆయన ఆ వీధి మొత్తానికీ మావయ్యే. నిజంగా మావయ్య అయింది మాత్రం ఒక్కదానికి. ఆ ఒక్కతీ ఇప్పుడు టీ కొట్టు ముందు, రెండు చేతులా రేకు పళ్ళెం పట్టుకుని, పళ్ళు బిగించి నిలబడింది. పళ్ళెంలో పదమూడు బన్నులు. అరగంట ఓవెన్‌లో ఉండి వచ్చినవే. వేలితో నొక్కితే గుంట పడుతోంది, పడిన గుంట నింపాదిగా పూడుకుంటోంది. పచ్చి పిండి.

నాలుగింటికల్లా ఇవి ఎర్రగా కాలి బజారు చివరి బేకరీ మేస్త్రి ముందు ఉండాలి. "నీ ఇంట్లో, నీ చేత్తో చేసినవి డజను పట్రా. నచ్చితే రేపట్నించి పనిలోకి రావచ్చు. నాలుగు దాటిందా, నాలుగున్నరకి ఇంకొకర్ని రమ్మన్నాను" అన్నాడాయన. మూడు నెలలు గడప అరగదీస్తే రాలిన మాట అది. ఇప్పుడు రెండున్నర. ఓవెన్ పై అంతస్తు వాళ్ళు కిందటి నెల ఇల్లు మారుతూ ఇచ్చి వెళ్ళింది. నిన్నటిదాకా బుద్ధిగానే ఉంది. పొద్దున కరెంటు పోయి వచ్చాక మొండికేసింది. లోపల దీపం వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, వేడి మాత్రం పుట్టదు. "నేనుండగా నీకు దిగులేమిటే" అని మావయ్య వంటింటి తలుపు గంటసేపు మూసుకుని, బయటికొచ్చి, "అయిపోయింది, కాల్చుకో" అని చేతులు దులుపుకుని టీకి చెక్కేశాడు.

మావయ్యని కడిగేద్దామనే వచ్చింది. కానీ అప్పటికే ఆయన కోతలు మొదలైపోయాయి. మధ్యలో ఆపితే మనిషి బిగుసుకుపోతాడు, లోపల ఏం పీకాడో, ఏం పెట్టాడో ఇక చచ్చినా చెప్పడు. మాట్లాడనిస్తేనే నయం, ఆ ఊకలో ఎక్కడో ఓ గింజ దొరక్కపోదు. స్తంభం చాటుకు జరిగి చెవులు రిక్కించింది.

"ఏముందండీ, చిన్న పని," అంటున్నాడు మావయ్య, వినయంగా. ఆయన వినయంగా మొదలుపెట్టాడంటే వినేవాళ్ళు బెంచీ గట్టిగా పట్టుకోవలసిందే. సినిమా హాల్లో ముప్పై ఏళ్ళు టార్చి వేసి సీట్లు చూపించిన మనిషి. ఆ టార్చి ఇంకా జేబులోనే ఉంటుంది. పక్కనే ఒక స్క్రూడ్రైవరు, అది ఎక్కువగా వీపు గోక్కోవడానికే. "చెవి ఆనించి విన్నాను. లోపల్నించి టకటకా పళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు! చలండీ! ఓవెన్‌కి చలి, ఎంత ఘోరమో చూడండి. పైన ఒక గడియారం, ఎర్రగా, నన్ను చూసి కన్ను కొడుతోంది, నా వయసేమిటి, దాని వేషాలేమిటి, ఓ ప్లాస్టరు ముక్క తీసి దాని మొహాన అంటించాను, సరే, తలుపు తీసి తల దూర్చాను, ఆపైన భుజాలు, ఆపైన నడుము..."

"మావయ్యా, ఆ ఓవెన్‌లో కోడి కూడా మెడ వంచుకుని కూచోవాలి" అన్నాడు ఇస్త్రీ అతను.

"బయట నిలబడి చూస్తే అంతే. దిగితే తెలుస్తుంది! మా హాలు బాల్కనీ అంత ఉంది. టార్చి వేసుకుంటూ నడిచాను, నడిచాను, కాళ్ళు పీకేశాయి, పోనీ ఓ బీడీ కాల్చుకుందామంటే అగ్గిపుల్ల మంటే గడ్డకట్టి విరిగి కింద పడింది, ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"అవతలి గోడ దాటి మా కొట్టు దగ్గర తేలావు" అంది టీ కొట్టు అక్క.

"చివర్న కాయిలు! అలిగి ముడుచుకుని పడుకుంది. 'ఏం తల్లీ' అన్నాను. పలకదు. చూస్తే వైరు రెండు ముక్కలు. ఒక చేతిలో టార్చి, ఒక చేతిలో స్క్రూడ్రైవరు, మూడో చెయ్యి దేవుడివ్వలేదు కదా, రెండు కొసలూ పంటి కింద పెట్టి కరిచాను. కరెంటు నడినెత్తి నుంచి అరికాలికి దిగింది, అక్కడ దారి లేక మళ్ళీ ఎక్కింది. వీధి దీపాలన్నీ పట్టపగలు భగ్గుమన్నాయి, మీరు చూళ్ళేదూ?"

"చూళ్ళేదు."

"మీరెప్పుడు తలెత్తుతారు గనక! ఇక వేడి మొదలైందయ్యా. సంచీలో బంగాళాదుంపలు సంచీలోనే ఉడికిపోయాయి. కింది ఇంటివాళ్ళ తడి బట్టలు ఆరి, మడతలు కూడా అవే పడ్డాయి."

"ఇక నేనెందుకు మరి!" అన్నాడు ఇస్త్రీ అతను.

"ఎదురింటి ఫ్రిజ్ హడలిపోయి తలుపుకి లోపల్నించి గడియ వేసుకుంది. పైన ఎగురుతున్న కాకి ఒక రెక్కతో ఎగురుతూ రెండో రెక్కతో విసురుకుంది. సూర్యుడు వంగి చూశాడు, 'అబ్బాయ్, మనకింత వద్దులే' అని మబ్బు చాటుకు తప్పుకున్నాడు. ఇవాళ మబ్బు ఎందుకు పట్టిందనుకున్నారు మరి?"

"సూర్యుణ్ణే కాచినవాడివి," అంది అక్క, "నీ గ్లాసులో టీ చల్లారి మీగడ కట్టింది. ముందు దాని సంగతి చూడు."

అందరూ నవ్వారు, ఒక్క వాచీల ముసలాయన తప్ప. పక్క సందులో వాచీలు బాగుచేస్తాడు, మాటలు తక్కువ. కళ్ళజోడు పైకి తోసుకుని, "ఆ కన్ను కొట్టిన గడియారం ఎంత చూపిస్తోంది?" అన్నాడు.

"సూర్యుడి సంగతి చెబుతుంటే గడియారం గొడవ ఏమిటండీ!"

గింజ దొరికింది. ఆమె స్తంభం చాటునుంచి వచ్చి పళ్ళెం బల్ల మీద పెట్టింది. మావయ్య కళ్ళలోకి చూస్తూ బొటనవేలితో ఒక బన్ను నొక్కింది. గుంట పడింది. బెంచీ మీద అందరూ అది మెల్లగా పూడుకోవడం చూశారు.

"ఆయనడిగిన దానికి చెప్పు మావయ్యా."

"నాలుగు సున్నాలు," అన్నాడు మావయ్య. ఆ గొంతు అంత సన్నగా కూడా వస్తుందని ఎవరికీ తెలీదు.

"కరెంటు పోతే అది టైం మర్చిపోతుందమ్మా," అన్నాడు ముసలాయన. "మళ్ళీ టైం పెట్టేదాకా కొన్ని ఓవెన్లు వేడెక్కవు. నీది చెడిపోలేదు, నువ్వు టైం పెడతావని కాచుక్కూచుంది. ఆ కాస్త అడగబోతే ఈయన దాని నోటికి ప్లాస్టరు వేశాడు."

ఆమె ఒక చేత్తో పళ్ళెం, ఇంకో చేత్తో మావయ్య మణికట్టు పట్టుకుని ఇంటి మెట్లెక్కింది. ప్లాస్టరు పీకింది. సున్నాలు మినుకు మినుకుమంటున్నాయి.

"టైమెంతైంది?"

"ఎంతంటే... మా హాల్లో మ్యాట్నీ ఇంటర్వెల్ గంట కొట్టేది చూడు, ఆ రోజుల్లో నేను..."

"మావయ్యా!"

ఆయన వాచీ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, ముల్లు వెంట వేలు నడిపి, "రెండూ నలభై" అన్నాడు. ఆమె బొత్తాలు నొక్కింది. టక్కుమంది. కాసేపటికి పైన కాయిలు ఎర్రబడింది. ఆమె పళ్ళెం లోపలికి తోసింది. ఇద్దరూ చలికాలం మంట ముందు కూచున్నట్టు దాని ముందు గొంతుక్కూచున్నారు.

నాలుగు కావడానికి ఐదు నిమిషాలుండగా, బేకరీలో, మేస్త్రి బన్ను విరిచి, వాసన చూసి, నమిలి, ఇంకో ముక్క నోట్లో వేసుకున్నాడు. ఆ రెండో ముక్కతోనే ఆమె ప్రాణం కుదుటపడింది.

"బాగా కాలాయి. పొద్దున ఓవెన్ పాడైందని కబురు పెట్టావు, ఎవరు బాగుచేశారు?"

"నేనేనండీ," అన్నాడు మావయ్య, వెనక నుంచి.

"ఏం చేశారు?"

మావయ్య నోరు తెరిచాడు, మేనకోడలి వైపు చూశాడు, మూశాడు. మళ్ళీ తెరిచి, బుద్ధిగా, "ఏం చెయ్యలేదండీ. టైమెంతైందో చెప్పాను. వెలిగింది" అన్నాడు.

మేస్త్రి నమలడం ఆపాడు. "పెద్దాయనా, కోతలకైనా ఓ హద్దుండాలి."

"అయ్యో, నిజమండీ! నువ్వైనా చెప్పవే!"

ఆమె పదమూడో బన్ను తీసి మావయ్య చేతిలో పెట్టింది. "ఆయన మాటలకేం లెండి," అంది మేస్త్రితో, "రేపు ఎన్నింటికి రమ్మంటారు?"