హుసేనమ్మ కేసెట్టు

ఏంప్పా అనీసూ, ఆ ఫోన్లో అంతసేపు ఏం చూస్తాండావు? ఏదీ, ఇట్ల తిప్పు. తెల్లోళ్ళా? ఆఁ... వాళ్ళు యాడికో పొయ్యి ఎవరి నేల మీదనో ఇండ్లు కట్టుకుంటే, ఆ నేలవాళ్ళు వచ్చి పడి ఆడోళ్ళను, పిల్లోళ్ళను ఎత్తుకపోయినారా? కొందరు మళ్ళా దొరికినా ఇంటికి రాలేదా? ఎందుకు రాలేదని నన్ను అడుగుతావేంది, నేనేమన్నా పంతులునా? అయితే ఒక మాట. మా ఇంట్లోనూ ఒకామె ఉండాది అట్లాంటిది. ఉండాది కాదులే, ఉండె. మా జేజి పీరమ్మకు అక్క, హుసేనమ్మ. నవ్వుతావేంది? దూదేకులోళ్ళ పిల్లను అరబ్బులు ఎత్తుకపోవడమేందని గదా? కూర్చో, చెప్తా. గిరాకీ ఎట్లాగూ లేదు. ఈ బలద్‌కు, అదే ఈ పాత జెడ్డాకు, ఇప్పుడు ఫొటోలు దిగేవాళ్ళే వస్తాండారు, కొనేవాళ్ళు యాడుండారు.

తెల్లోళ్ళ కాలం అది. జమ్మలమడుగు పక్కన మా పల్లె. మా జేజి వాళ్ళ నాయన దూదేకి పరుపులు కుట్టేవాడు. హజ్‌కు పోవాలని ఆ యప్పకు చానా ఆశ. పెండ్లాన్ని, పెద్దకూతురు హుసేనమ్మను ఎంటబెట్టుకోని బయల్దేరినాడు. మా జేజికి అప్పుడు ఒళ్ళంతా అమ్మవారు పోసి ఉంటే మేనత్త దగ్గర వదిలిపెట్టినారు. బొంబాయి దాకా రైలు, ఆడినుంచి పొగ ఓడ, ఇదో ఈ జెడ్డాలోనే దిగినారు. మనం కూర్చున్న ఈ సందుల్లోనే యాడో పండుకోని ఉంటారు. నేను ఒక్కోసారి ఆ పాత మిద్దెల చెక్క కిటికీలు చూసి అనుకుంటా... సరే, అది వదిలేయ్. ఏం చెప్తాంటి? ఆఁ, హజ్ అయింది, మదీనాకు పోవాల. ఇప్పుడు రైలెక్కి కునుకు తీస్తే మదీనా వస్తాది. అప్పుడు రోజులకు రోజులు ఒంటెల మీద పోవాల. కొండల నడమ బదూలు, అదే, గుడారాలేసుకోని ఎడారిలో తిరిగేవాళ్ళు, వీళ్ళ మీద పడినారు. వాళ్ళ నేల మీదనే గదా అందరూ పోతాండేది, తమకు రావాల్సింది రాకపోతే కొట్టేవాళ్ళంట. ఆ యప్పను ఆడనే పొడిచినారు. పెండ్లాం అడ్డం పోతే ఆమెనూ పొడిచినారు. పిల్లను ఒంటె మీదేసుకోని పాయిరి. బతికొచ్చిన ప్రొద్దుటూరు సాయిబు ఒకాయన పల్లెకొచ్చి చెప్పినాడు. మన హాజీల కోసరం జెడ్డాలో ఉండే తెల్లదొర దగ్గర మొర పెట్టుకుంటే 'చూస్తాం, చూస్తాం' అన్యాడంట. ఏం చూసినాడో వానికే తెలియాల.

అప్పట్నుంచి మా జేజిది ఒకటే పిచ్చి. చుట్టుపక్కల ఎవరు హజ్‌కు పోయొచ్చినా, జనమంతా వాళ్ళ చేతులు కండ్లకద్దుకునేదానికి పోతే, ఈమె పొయ్యి 'మా అక్క యాడన్నా అగుపడిందా నాయనా' అని అడిగేది. అందరికీ నవ్వులాట. 'ఏమ్మా, మీ యక్క ఏమన్నా సంతలో తప్పిపోయిన మేకా?' అని మా చిన్నాయనే అనేవాడు. ముసలిదైపాయ, పండ్లు ఊడిపాయ, అడగడం మాత్రం మానలా. నాకు వీసా వచ్చి బయల్దేరేనాడు మా యమ్మ ఏడుస్తాంది, మా నాయన జాగ్రత్తలు చెప్తాండాడు, ఈమె మాత్రం నా గడ్డం పట్టుకోని, 'వలీ, నేను పోయేలోగా మా అక్కను ఒక్కసారి ఇంటికి పిల్చకరారా' అనె. ఇంకేమీ అడగలా.

ఇంత పెద్ద దేశంలో నేను యాడ ఎతకాలప్పా? నా కఫీల్, అదే నాకు వీసా ఇచ్చిన అరబ్బు సేటు, నన్ను నీళ్ళ ట్యాంకరు తోలమన్యాడు. మదీనా దోవలో లోపలికి పొయ్యి బదూల గుడారాలకు నీళ్ళు పోసి రావాల. ఆ ఎండ నీకు చెప్పినా తెలీదు, ఏసీలో పుట్టినట్టు మాట్లాడతారు మీరు. ఒకనాడు నీళ్ళు పోస్తాండా. ఒక ముసలామె కూర్చోనుంది. మనవడు ఆడుకోనొచ్చి ఒళ్ళో పడినాడు. ఆమె రెండు చేతులూ వాని మొగం మీద తిప్పి, తన కణతల కాడ ఆనించి పటపటా మెటికలు విరిచింది. నా చేతిలో పైపు జారిపాయ. అరబ్బులు దిష్టికి దువా చదివి ఊదుతారు గానీ మెటికలు విరుస్తారా? నేనెప్పుడూ చూడలా. మా జేజి నన్ను చూసినప్పుడల్లా అచ్చం అట్లనే విరిచేది. ఆమె కొడుకును అడిగితే, 'మా యమ్మ హిందీ మనిషి, మీ ఇండియాది, చిన్నప్పుడే వచ్చింది' అనె, ఏదో చుట్టపుచూపుగా వచ్చినట్టు. తెలుగులో పలకరిస్తి. ఊహూఁ, ఒక్క ముక్క లేదు. 'పీరమ్మ' అంటి. అంతే, మనవణ్ణి వదిలేసి రెండు చేతులూ ఇసకలో ఆనించి వంగిపాయ.

అప్పట్లో మనోళ్ళు జాబులు రాసేది తక్కువ, అంతా కేసెట్టే. అక్క దొరికిందని నేను కబురు పంపితే మా జేజి ఒక కేసెట్టులో మాట్లాడి పంపె. 'అక్కా, ఇంటికి రాయే. నీకోసరం చూసి చూసి కండ్లు పోతాండాయే.' పోయి వినిపిస్తి. ఆమెకు ఏమర్థమయితాది? అయినా మళ్ళా పెట్టమంటాది, మళ్ళా పెట్టమంటాది. నేనే అరబ్బీలో చెప్తి. అప్పుడు టేపు దగ్గరికి జరిగి, నెమ్మదిగా, అరబ్బీలోనే, ఆ మాట్లాడేది ఎంత బాగుంటాదో, రాగం తీసినట్టు మాట్లాడె. ఏమనింది అంటే, 'పీరమ్మా, నీ మాట తెలీకపాయ, గొంతు మాత్రం మన అమ్మది. నేను రాను. పెద్దయినాక ఈ ఇంటి పిల్లోనికే నన్ను ఇచ్చి పెండ్లి చేసినారు. మన నాయనను పొడిచింది వాడో, వాళ్ళ అన్నో, నేను అడగలా. అడిగింటే ఈడ బతికిండేదాన్ని కాదు. వాడు చచ్చిపోతే నేను ఏడ్చినా. ఆ ఏడుపు పెట్టుకోని నీ ఇంటికి ఏ మొగంతో వస్తా? నాకోసం చూడొద్దు.' ఇట్లాంటి మాట ఇంకొకరి నోటితో చెప్పించేదా? ఆ కేసెట్టును సెలవుకు ఊరికి పోయే మా పక్కపల్లె బాబావలి చేతికిచ్చి, 'ఇది మా పెద్దజేజి గొంతు అని మాత్రం చెప్పు, ఏమనిందో నేనే వచ్చి చెప్తా' అంటి.

నేను పోయేసరికి చూడాల మా ఇల్లు! మా పల్లెలో పీర్ల చావిడి ఉండె గానీ మసీదు యాడిది. ముల్లా సాయిబు పెండ్లికో చావుకో జమ్మలమడుగు నుంచి రావాల. మావాళ్ళకు అరబ్బీ అంటే ఖురాన్, అంతే. అరబ్బీలో మనుషులు తిట్టుకుంటారని, మేకలు బేరమాడతారని వాళ్ళకెట్ల తెలుస్తాది? శుక్రారం శుక్రారం ఆడోళ్ళంతా కొంగు నెత్తిన కప్పుకోని ఆ కేసెట్టు చుట్టూ కూర్చుంటాండారు. టేపు ముందర చెంబుతో నీళ్ళు పెట్టి, జొరమొచ్చిన పిల్లోళ్ళకు తాపుతాండారు. మా జేజి మొగం వెలిగిపోతాంది. 'చూడ్రా వలీ, మా అక్కను ఎత్తుకపోయినారని ఏడిస్తిమి, అల్లా ఆమెకు ఖురానే ఇచ్చినాడు. అంత చదువుకున్న మనిషి అది ఇడిసిపెట్టి ఈ కొంపకెట్ల వస్తాదిలే!' అనె. అది ఖురాన్ కాదని నేను చెప్పలా. నువ్వయితే ఏం చెప్తాంటివి? చెప్పు.

ఆ సెలవులోనే ఆమె మంచాన పడె. చివరి గడియ వచ్చిందని తెలిసి ముల్లాకు మనిషిని పంపిరి. ఆ యప్ప ఎప్పటికి వస్తాడో ఏమో. పోయేవాళ్ళ తలకాడ ఖురాన్‌లో యాసీన్ చదవాల గదా, చదివేవాళ్ళు లేరు. మా యమ్మ పరిగెత్తి ఆ కేసెట్టు పెట్టింది. అందరూ తలలు వంచుకోని ఏడుస్తాండారు. ఆ ఇంట్లో అరబ్బీ తెలిసినోణ్ణి నేనొక్కణ్ణి. టేపు నా కాలి కాడనే ఉంది. మీట నొక్కితే ఆగిపోతాది. నొక్కలా. మా జేజి నా చెయ్యి పట్టుకోని, చెవి అటు పెట్టి ఇంటాంది. వాడు చచ్చిపోతే నేను ఏడ్చినా అంటాంది ఆ యమ్మ. నాకోసం చూడొద్దు అంటాంది. మా జేజి పెదాలు కదిలిచ్చి 'ఆమీన్' అనె.

పో, ఎవరో గిరాకీ వచ్చినట్టుండారు, ఏం కావాల్నో అడుగుపో.