కుర్చీ అన్నాడట

మధ్యాహ్నం. ఆమె ఇంట్లో ముందు గది. గుమ్మం బయట పత్రికాఫీసు కారు ఆగి ఉంది.

"కుర్చీ అన్నాడా?"

"కుర్చీ అనే అన్నాడటమ్మా. సరిగ్గా వినలేదని మళ్లీ అడిగించాను. మళ్లీ కుర్చీయే."

"ముందు మీరు కూర్చోండి ఎడిటర్ గారూ. కూర్చుని, మొదట్నుంచీ చెప్పండి."

"కూర్చుంటాను. నువ్వూ కూర్చో. మనకి ఎక్కువ టైం లేదు. చీకటి పడేలోపు, మీ ఆయన తమ దగ్గరున్నాడన్నవాళ్లు మళ్లీ ఫోన్ చేస్తారు. ఆ లోపు నాకు నీ నోటి నుంచి ఒక మాట కావాలి."

"మంచినీళ్లు తాగుతారా?"

"వద్దమ్మా. నీకు తెలుసుగా, యుద్ధానికి వెళ్లే ప్రతి రిపోర్టరు చేతా ఒక ప్రశ్న, ఒక జవాబు చెప్పించుకుంటాం. ఇంట్లోవాళ్లకి తప్ప ఇంకెవరికీ తెలియనిది. ఎవరైనా మనవాణ్ణి పట్టుకుపోతే..."

"తెలుసు."

"...పట్టుకుపోయి, మీవాడు మా దగ్గరున్నాడు అంటే, ఆ ప్రశ్న వేస్తాం. జవాబు సరిగ్గా వస్తే మనవాడు బతికున్నట్టు."

"తెలుసండీ. ఆయన చెప్పాడు."

"కాపురం పెట్టాక మొదట కొన్న వస్తువేంటి? జవాబు, నిచ్చెన. నా ఎదురుగా కూర్చుని చెప్పి, ఒకటే నవ్వు."

"నిచ్చెనే. కూర్చోడానికి పీట లేదు, పరుచుకోడానికి చాప లేదు, నిచ్చెన భుజాన వేసుకొచ్చాడు మహానుభావుడు. బల్బు మార్చాలట. తీరా చూస్తే బల్బు కొనడం మర్చిపోయాడు."

"మరి కుర్చీ ఎందుకన్నాడు?"

"ఆయన గొంతు విన్నారా మీరు?"

"లేదు. వినిపించమంటే కుదరదన్నారు. ప్రశ్న తీసుకెళ్లి, జవాబు పట్టుకొచ్చి చెప్పారు."

"దెబ్బలు కొట్టారంటారా?"

"నాకేం తెలుసమ్మా."

"మీకు తెలుస్తుంది. ఇలాంటివి ఎన్ని చూశారు మీరు. నా మొహం చూసి చెప్పండి."

"కొట్టే ఉంటారు. చూడు, నేను రెండు రకాలుగా ఆలోచించాను. ఒకటి, మనవాడు వాళ్ల దగ్గర లేనే లేడు, ఏదో ఊహించి చెప్పారు. రెండోది, ఉన్నాడు, కానీ దెబ్బలకో, నిద్ర లేకో మతి చెదిరి ఒకటనబోయి ఇంకోటి అన్నాడు. అందుకే నీ దగ్గరికొచ్చాను. నిచ్చెన మర్చిపోతాడా మనవాడు?"

"ఏమో. ఈ మధ్య అన్నీ మర్చిపోతున్నాడు."

"అంటే?"

"పోయినసారి వచ్చాక మీకు మామూలుగానే కనబడ్డాడా?"

"కాస్త చిక్కాడు. అంతే."

"అంతే! వంటింట్లో మూత జారి కింద పడితే బల్ల కింద దూరాడండీ. పిల్లేమో ఆట అనుకుంది. వెనకాలే దూరి, నాన్నా, ఇప్పుడు నేను దాక్కుంటా, నువ్వు వెతుకు అంది. దాన్ని పట్టుకుని ఏడ్చాడు. వదలడే! పిల్ల బెదిరిపోయింది."

"నాకు చెప్పలేదు."

"ఎందుకు చెబుతాడు? చెబితే మళ్లీ పంపరుగా. కారు పెడితే దాని మొహం రోడ్డువైపే ఉండాలి. ఎక్కడికెళ్లినా గోడకి వీపు ఆనించి కూర్చోవాలి. కిటికీ దగ్గర నా కుట్టుమిషన్ ఉంటే, తీసుకెళ్లి చీకటి గదిలో పెట్టాడు. నేను పోట్లాడి మళ్లీ తెచ్చుకున్నా. పొద్దున లేచి చూస్తే మళ్లీ అక్కడే."

"అయినా తనే వెళ్తానన్నాడమ్మా. నేను పొమ్మనలేదు."

"వద్దని కూడా అనలేదు."

"అనలేదు. నన్ను తిట్టు, తర్వాత తీరిగ్గా ఎంతైనా తిట్టు, పడతాను. ఇప్పుడు మాత్రం జవాబు చెప్పు."

"వాళ్లకేం కావాలట? డబ్బా?"

"డబ్బు ఊసే లేదు. మీ మనుషులే, మీ బండిలోనే వంతెన దాటి వచ్చి తీసుకెళ్లండి, సైన్యం నీడ కూడా కనబడకూడదు అన్నారు."

"ఊరికే ఇచ్చేస్తారా?"

"గాయపడి ఉంటే బరువనుకుని వదిలించుకుంటున్నారేమో. అలా జరిగిన సందర్భాలున్నాయి."

"కూరలమ్మేవాడే కొసరు వెయ్యడానికి ఏడుస్తాడు. వాళ్లు మనిషిని ఊరికే ఇస్తారా ఎడిటర్ గారూ?"

"ఆశపడటం తప్పా అమ్మా?"

"నేనెప్పుడన్నాను తప్పని? నాకు లేదా ఆశ? ఎవరు వెళ్తున్నారు?"

"అదంతా మేం చూసుకుంటాం."

"ఎవరు?"

"మనవాళ్లే."

"ఊరికే మనవాళ్లు అనకండి. ఎవరు వెళ్తున్నారో చెప్పండి."

"కెమెరా అబ్బాయి. డ్రైవర్."

"ఆ అబ్బాయా? వాడు మొన్ననే కదండీ ప్రాణాలతో బయటపడ్డాడు! ఇంటికి పంపించెయ్యలేదా వాణ్ణి?"

"రమ్మంటే వస్తేగా. వంతెనకి ఇవతల చెక్‌పోస్టు దగ్గర కూర్చున్నాడు. అన్న లేకుండా కదలనంటాడు. ఇదిగో, వాడే చేస్తున్నాడు. ఎత్తనా?"

"ఎత్తండి. నాకు వినబడేలా పెట్టండి."

"సార్! వదిన ఏమంది సార్?"

"ఇక్కడే ఉందిరా. మాట్లాడు."

"వదినా."

"ఏం తిన్నావు తమ్ముడూ?"

"తిన్నాను వదినా."

"ఏం తిన్నావు?"

"నీళ్లు తాగాను. అది సరే, నువ్వు చెప్పు. ఆ కుర్చీ అన్నది మా అన్నే కదా?"

"ఆ రోజు ఏమైందో నువ్వు నాకు చెప్పనే లేదు."

"ఇప్పుడెందుకు వదినా అవన్నీ!"

"ఇప్పుడే చెప్పు."

"ఏముంది. గోడ వారన ఇద్దరం నక్కి ఉన్నాం. వాళ్ల బండి మలుపు తిరిగింది. అన్న నా భుజం మీద ఒక్కటిచ్చి, కెమెరా పారేసి పరిగెత్తరా అన్నాడు. పరిగెత్తాను. వెనకాలే వస్తున్నాడనుకున్నా. కాలవ దాకా వెళ్లి తిరిగి చూస్తే... అన్న అటువైపు పోతున్నాడు వదినా. చేతులెత్తి, వాళ్లకి ఎదురుగా. వాళ్ల చూపు నా మీద పడకుండా."

"ఊఁ."

"నేను కెమెరా పారెయ్యలేదు. ఇప్పటికీ నా ఒళ్లోనే ఉంది. అన్నని పారేసి కెమెరా తెచ్చుకున్నాను."

"ఒరేయ్, అలా మాట్లాడకు."

"మరెలా మాట్లాడాలి సార్? నిద్రపట్టదు, ముద్ద దిగదు. ఒక్కమాట చెప్పు వదినా, చాలు. నిచ్చెన, కుర్చీ, రెండూ ఇంటి సామానే కదా. ఎవడో తెలియనివాడు అంత దగ్గరగా ఎలా చెబుతాడు? అన్నే. తడబడ్డాడు, అంతే."

"డ్రైవర్ పక్కనే ఉన్నాడా?"

"బాబాయ్ ఇక్కడే ఉన్నాడు. బండి స్టార్ట్ చేసే ఉంచాడు."

"ఆయనకి పిల్లలున్నారు కదూ?"

"ఉన్నారు. వదినా, నువ్వు అన్నీ అడుగుతున్నావు, అసలు సంగతి చెప్పట్లేదు!"

"ఎడిటర్ గారూ, ఆయన కాదు అన్నాననుకోండి. అప్పుడు?"

"అప్పుడు వీళ్లు దొంగలని తేల్చుకుంటాం. ఆ ఫోన్ ఇక ఎత్తం."

"అంటే ఆయన్ని వదిలేస్తారు."

"అలా అనకమ్మా. వేరే దారి వెతుకుతాం."

"ఉందా వేరే దారి?"

"వెతుకుతామన్నాను కదమ్మా."

"ఉందా అండీ?"

"నాకు తెలిసి లేదు."

"ఆయనే అన్నాననుకోండి."

"బండి కదులుతుంది."

"ఈ రెండే మాటలా? మధ్యలో ఇంకేం లేదా?"

"ఇంకేముంటుందమ్మా? అయితే మనవాడు, లేకపోతే కాదు."

"మీకు తేలిగ్గానే ఉంది. ఆయనకీ తేలిగ్గానే ఉంది. బూట్ల లేసులు కట్టుకుంటూ, తల కూడా ఎత్తకుండా, నా నెత్తిన పెట్టేసి చక్కా పోయాడు."

"ఏం పెట్టాడు?"

"ఏం లేదు."

"ఏదో అన్నావు."

"ఏం లేదన్నానుగా! ఎంత కోపంగా ఉందో తెలుసా నాకు ఆయన మీద? ఇప్పుడు ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేదాన్ని. తర్వాత కావలించుకునేదాన్ని. ఎదురుగా ఉండాలి కదా!"

"ఏడవకమ్మా."

"ఏడవట్లేదు. పిల్ల స్కూల్నుంచి వచ్చే వేళైంది. అది వచ్చేసరికి మొహం కడుక్కోవాలి. నాన్న ఫోన్ చేశాడా అని అడుగుతుంది రాగానే."

"చేశాడని చెబుదువుగాని. వదినా, చీకటి పడితే వంతెన మూసేస్తారు. వాళ్లు మాకోసం ఎదురుచూడరు. నీ కాళ్లు పట్టుకుంటా, చెప్పెయ్. నేను తీసుకొస్తాను. ఒట్టు, అన్నని తీసుకొచ్చి నీ గుమ్మంలో నిలబెడతాను. లేకపోతే నేనూ రాను."

"చూశారా, వాడేమంటున్నాడో?"

"విన్నాను."

"నేనూ రానంటున్నాడు."

"కుర్రతనం, ఏదో అంటాడు. నువ్వు చెప్పమ్మా. నీకంటే బాగా మనవాడెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలియదు. అదే వచ్చిన చిక్కు."

"వదినా! మా అన్నేనా, కాదా?"

"ఆయనే."

"సార్! విన్నారా సార్? అన్నే! బతికే ఉన్నాడు! బాబాయ్, బండి తియ్యి, తియ్యి..."

"గట్టిగా ఆలోచించే చెబుతున్నావా అమ్మా? ఆయనేనా?"

"ఆయనే. ముమ్మాటికీ ఆయనే. తమ్ముడూ, బండి ఆపించు."

"ఎందుకు వదినా? ఇప్పుడేగా ఆయనే అన్నావు!"

"ఆయనే కాబట్టి ఆపమంటున్నాను. ఆపి, దిగు నాన్నా. నిచ్చెన అంటే వచ్చి తీసుకెళ్లమని, కుర్చీ అంటే ఇది ఉచ్చు, నా కోసం ఎవర్నీ పంపకు అని. ఆ సంగతి నీకు చెబితే తెలిసి కూడా వచ్చేస్తావని, నాకొక్కదానికే చెప్పి ఒట్టేయించుకున్నాడు."